కంబన్న భుజం

సుంకప్ప పేరు చదివినప్పుడు కంబన్న భుజం దానంతట అది ఎగిరిందా, కంబన్నే దాన్ని వదిలేశాడా? అరవై ఏళ్లు దాటిపోయినా ఈ ప్రశ్న తేలలేదు. తేల్చగలవాడు ఒక్క కంబన్నే. అతనికైనా తెలుసునో లేదో. తెలిసి ఉంటే వదినకు చెప్పేవాడే. సోమక్క దగ్గర అతను దాచుకున్నది వెళ్లిపోవడం ఒక్కటే.

పత్తికొండకు ఆరు మైళ్ల అవతల, ఎర్రమట్టి మిట్ట మీద నలభై గడపల ఊరు బోడిదిన్నె. సోమక్క ఆ ఊరికి కోడలుగా వచ్చేటప్పటికి ఆమెకు పదిహేనేళ్లు, మరిది కంబన్నకు ఏడు. అత్త పోయి అప్పటికే రెండేళ్లయింది. మామ మగ్గం గుంటలో కూర్చుని కంబళ్లు నేసేవాడు. మొగుడు అయ్యన్న గొర్రెల వెంట పోయేవాడు. పొద్దంతా ఇంట్లో మిగిలేది ఆమే, ఆ పిల్లవాడే.

వచ్చిన మూడో రోజు సంగటి ముద్ద పెడుతుంటే వాడు ఆమె వైపు చూసి కన్ను గీటాడు. ఒకసారి కాదు, వరసగా నాలుగైదుసార్లు.

“ఏందిరా, కొత్త వదినకు కన్ను కొడ్తాండావా? మీసాలన్నా రానీ మొదల” అంది సోమక్క నవ్వుతూ.

వాడు నవ్వలేదు. ముద్ద చేతిలో పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. “నేను కొట్టల్యా వదినా. అదే కొట్టుకుంటాది.”

ఆ మాట నమ్మడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది. ఒకసారి నమ్మాక మళ్లీ ఎవరేం చెప్పినా వినలేదు.

ఆ రెండేళ్లలో చేయించని వైద్యం లేదు. వేపమండలతో కొట్టించారు. దర్గాలో తాయెత్తు కట్టించారు. చివరికి మందులాయన ఒకడు పసుపుకొమ్ము కాల్చి కనుబొమ పక్కన వాత పెట్టాడు. వాత మానేలోపు కన్ను కొట్టుకోవడం నిజంగానే మానింది. మందులాయనకు కోడిపుంజు ముట్టింది. పదిహేను రోజులు గడిచాయో లేదో కుడి భుజం ఎగరడం మొదలుపెట్టింది. మళ్లీ పిలిపిస్తే ఆయన వచ్చి పిల్లవాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసి, “కంట్లో ఉన్నదాన్ని నేను దించితిని. అది పోతా పోతా భుజంలో దిగబడింది. ఇంగొక కోడి ఇస్తే కాళ్లలోకి దించి ఊరు దాటిస్తా” అన్నాడు.

సోమక్క చీపురు అందుకుంది. “ఈసారి పిల్లోన్ని ముట్టుకుంటే వాత నీకు పడ్తాది. పో!”

తర్వాత ఆమె చేసిన వైద్యమల్లా చూస్తూ ఉండటమే. ఎవరైనా వాడి వైపే చూస్తుంటే భుజం ఎక్కువగా ఎగిరేది. తిట్టినా ఎక్కువే, తిరునాళ్లకు పోదామంటే ఆ సంతోషంలోనూ ఎక్కువే. నిద్రపోతే ఏమీ ఉండదు. ఒక్కోసారి రెండు మూడు నెలలు అసలు కనిపించదు, ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. అంతలో కొత్త రూపంలో తిరిగొస్తుంది. ఒక వేసవంతా గొంతులో ‘హుక్’ మని చప్పుడు. మరో ఏడు, తాను అన్న మాట చివరి ముక్కను మళ్లీ అనడం. “గొర్రెలొచ్చినాయా?” అని అడిగితే “వచ్చినాయి వదినా” అనేవాడు, ఆ వెనకే మెల్లగా, తనలో తాను, “చ్చినాయి వదినా.” అదీ పోయింది, కొంతకాలానికి అదీ వచ్చింది.

భుజం కాక ఇంకొకటి ఉండేది. ఇల్లు దాటేటప్పుడు ద్వారబంధాన్ని రెండు వేళ్లతో రెండుసార్లు తట్టాలి. ఎవరైనా అడ్డొచ్చి ఒక్కసారే తగిలితే, వీధి మలుపు దాకా పోయినవాడు కూడా తిరిగొచ్చి మళ్లీ తట్టిపోయేవాడు.

“ఎందుకురా రెండుసార్లు?”

“ఒగసారి కొడితే సరిపోదు వదినా.”

“కొట్టకపోతే ఏమైతాది?”

“ఏమీ కాదు. సరిపోదు, అంతే.”

పన్నెండేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్ని విడదీస్తున్నారు. సోమక్క అడిగింది. “అది ఎగిరేది నీకు ముందే తెలుస్తాదా?”

“తెలుస్తాది. తుమ్ము వచ్చే ముందర ముక్కులో ఎట్ల సలుపుతాది? భుజంలో అట్ల సలుపుతాది. ఎగిరినాక సల్లగయితాది. కొంచేపటికి మళ్లా మొదలు.”

“ఆపలేవా మరి?”

“ఆపుతా. నువ్వు దోసెడు జొన్నలు విసిరేదాకా ఆపుతా. కానీ ఆపిందంతా యాడికీ పోదు వదినా. లోపలే కూడతాది.”

ఇప్పుడైతే నరాల డాక్టర్లు దీన్ని టిక్స్ అంటారు. పట్టణాల్లో పిల్లల్ని తీసుకుపోయి చూపిస్తారు, బళ్లో అయ్యవారికి చెప్పి ఉంచుతారు. బోడిదిన్నెలో ఆ పేరు ఎవరూ విని ఉండరు. దోసెడు జొన్నలు విసరడానికి ఎంతసేపు పడుతుందో సోమక్కకు తెలుసు. ఆమెకు అది చాలింది.

మామ పోయాక మగ్గం కంబన్నకు వచ్చింది. గుంటలో కాళ్లు పెట్టి, పేక నూలును అటూ ఇటూ నడిపే నాడె చేతికి తీసుకుని, అది ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి పోయి వచ్చిందంటే, ఇక భుజం నేత తప్ప వేరే కదలిక ఎరగదు. చింతగింజల గంజి పెట్టిన నల్లఉన్ని పడుగు మీద అతని చేతులు వంక లేకుండా నడిచేవి. అతను నేసిన కంబళిలో నీళ్లు పోస్తే కారవని పత్తికొండ సంతలో పేరు. అయినా సంతకు అయ్యన్నే పోయేవాడు. నలుగురిలోకి పోతే పిల్లలు వెంటపడి భుజాలు ఎగరేస్తూ “ఎగురుబుజమోడా!” అని కేకలు పెట్టేవాళ్లు. పిల్లనిస్తామని వచ్చినవాళ్లు కూడా మజ్జిగ తాగి, అతని భుజం కేసి చూసి, “మా అవ్వను అడిగి చెప్తాం” అని పోయేవాళ్లు. ఏ అవ్వా ఒప్పుకోలేదు.

అతన్ని ఎన్నడూ వెక్కిరించనివాడు లాజరు. కిందివాడలో చర్చి పక్కన ఇల్లు, గోడలు కట్టే పని. సాయంత్రాలు పని దిగి వచ్చి మగ్గం ఇంటి కిటికీ బయట కూర్చునేవాడు.

“నీ బుజం నాకిస్తివంటే పై వరసకు రాళ్లు విసిరేస్తా గదప్పా. నిచ్చెన పని ల్యా.”

“తీస్కపో. కూలి గూడా ఇస్తా” అనేవాడు కంబన్న గుంటలోంచి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు ఆషాఢం దాకా చినుకు పడలేదు. కరువులో గంజి కేంద్రాల ముందు నిలబడిన రోజులు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఊరంతా కూడి ఊరి దేవత సుంకులమ్మకు పొట్టేలును బలికి పెట్టింది. ఆ వైపు ఊళ్లలో ఒక పద్ధతి ఉంది. పొట్టేలును అమ్మ ముందర నిలబెట్టి పసుపు నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కత్తి ఎత్తరు, ఊరికి ఏదో దోషం ఉన్నట్టే లెక్క.

పొట్టేలు అయ్యన్నది. దాని తాడు పట్టుకున్నవాడు కంబన్న. పూజారి సుంకప్ప ఒక చెంబు నీళ్లు చల్లాడు, పొట్టేలు కదల్లేదు. రెండు, మూడు, అయిదు చెంబులయ్యాయి. అది రాయిలా నిలబడి నెమరు వేస్తోంది. జనం గొంతులు అణిగిపోయాయి. ఆడవాళ్లలో ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. సుంకప్ప ఆరో చెంబు విసురుగా చల్లితే సగం నీళ్లు కంబన్న మీద పడ్డాయి. అంతమంది కళ్లు తన వైపే, ఒంటి మీద చల్లటి నీళ్లు. అతని భుజం ఎగిరింది, మెడ విదిలింది, గొంతులో ‘హుక్’ మంది.

“అమ్మ ఒప్పుకునిందిరో!” అని ఎవరో అరిచారు. డప్పులు మోగాయి. మూడో రోజు వాన వచ్చింది.

అంతటితో ‘ఎగురుబుజమోడు’ పోయి ‘కంబన్న సామి’ మిగిలాడు. మొదట చేతులు జోడించింది సుంకప్పే. ముప్ఫై ఏళ్లు అమ్మకు దీపం పెట్టిన మనిషి, ఆయన భక్తిలో అబద్ధం లేదు. తర్వాత ఊరు కట్టకట్టుకుని వచ్చింది. పోయిన ఎద్దు తూర్పున ఉందా, పడమర ఉందా? ఈ సంబంధం ఖాయం చేసుకోవచ్చా? అడిగినవాళ్లు ఎదురుగా కూర్చుని అతని భుజాన్నే రెప్ప వేయకుండా చూసేవాళ్లు. అట్లా చూస్తే ఎగరని భుజమా అది? ఏ మాట దగ్గర ఎగిరితే ఆ మాట అమ్మ మాట.

“నీ పాత పేరే నయం కదరా” అంది సోమక్క ఒకరోజు.

“శానా నయం వదినా. అప్పుడు మగ్గం కాడికి వచ్చి అడిగేటోళ్లు కాదు.”

మళ్లీ ఏడు జాతర అయిన మూడో రోజు అమ్మవారి వెండి కళ్లు కనపడలేదు. రాతి విగ్రహానికి మైనంతో అతికించిన రెండు చిన్న రేకులు. జాతరకు ముందు గుడి మెట్లు బాగుచేసినవాడు లాజరు. ఊరి నోటికి ఆ పేరు ఇట్టే దొరికింది. కాని ఊరికే అనేస్తే తమ మీద మాట వస్తుందని, కంబన్నను అడగాలని తేల్చారు. జాతర రోజుల్లో గుడి దగ్గర మసలినవాళ్లు తొమ్మిదిమంది. ఒక్కో పేరు చదివి కంబన్న మీద నీళ్లు చల్లుతారు. ఎవరి పేరుకు భుజం ఎగిరితే వాడు దొంగ. వాడు ఇంటిల్లిపాదితో ఊరు వదలాలి.

మంగళవారం పొద్దున కంబన్న తలస్నానం చేసి వచ్చాడు. సోమక్క వాకిట్లో అడ్డం నిలబడింది.

“పోవద్దు కంబా. జొరమని చెప్తా.”

“నేను పోకపోతే పొట్టేల్ని నిలబెట్టి అడుగుతారు వదినా. పొట్టేలికి లాజరు ఎవరో తెల్దు.”

“ఆపగలవా?”

“తొమ్మిది పేర్లు కదా.” ద్వారబంధం రెండుసార్లు తట్టి దిగాడు. “పేర్లు కదా” అనుకుంటూ పోయాడు.

గుడి ముందు పరిచిన కంబళి మీద అతను కూర్చున్నాడు. ఊరంతా చుట్టూ చేరింది. కిందివాడ వాళ్లను దూరంగా నిలబెట్టారు, లాజరు తన పిల్లను భుజాన వేసుకుని ఉన్నాడు. సుంకప్ప చెంబు పట్టుకుని మొదటి పేరు చదివాడు, నీళ్లు చల్లాడు, ఆగాడు. భుజం కదల్లేదు. రెండో పేరు. మూడో పేరు. ఆడవాళ్లలో నిలబడిన సోమక్క కళ్లు మూసుకుని మనసులో విసుర్రాయి తిప్పడం మొదలుపెట్టింది. దోసెడు జొన్నలు ఎప్పుడో అయిపోయాయి. రెండో దోసెడు పోసింది. కళ్లు తెరిచి చూస్తే అతని దవడ బిగుసుకుపోయి ఉంది, చెవుల వెనక చెమట కారుతోంది, కాలి వేళ్లు కంబళిలోకి గుచ్చుకుపోయాయి.

ఎనిమిదో పేరు. “లాజరు.”

కదల్లేదు. భుజం కదిలేదాకా సుంకప్ప వదిలేలా లేడు. ఇంకో చెంబు ముంచాడు. “లాజరు!” మూడో చెంబు నెత్తి మీదే పోశాడు. “గుడి మెట్లు కట్టిన లాజరు!” కంబన్న కళ్ల నుంచి నీళ్లు కారాయి. భుజం మాత్రం రాయిలా ఉంది. సోమక్క ఏ దోసిట్లో ఉందో లెక్క తప్పిపోయింది.

తొమ్మిదో పేరూ అయింది. జనం నిట్టూర్చారు. అయిపోయిందని సోమక్క అడుగు ముందుకు వేసింది. అంతలో కట్ట మీద కూర్చున్న, ఊరి పెత్తనం చేసే పెద్దరెడ్డి గొంతు సవరించుకున్నాడు.

“గుడి బీగం ఎవరి కాడ ఉండాది సుంకప్పా? నీ పేరు గూడా చదువు. రేపు ఊళ్లో మాట రాగూడదు.”

సుంకప్ప నవ్వాడు. దాచుకున్నది ఏదీ లేనివాడి నవ్వు. చెంబు ముంచి చల్లి తన పేరు తానే చదివాడు. “సుంకప్ప.”

భుజం ఎగిరింది. భుజం ఒక్కటే కాదు. అంతసేపూ లోపల కూడినదంతా ఒక్కపెట్టున బయటపడింది. మెడ, కళ్లు, చేతులు, గొంతులో చప్పుడు. ఎసట్లో నీళ్లు మరిగేంత సేపు అతను ఆ కంబళి మీద అట్లా కొట్టుకుపోయాడు. సుంకప్ప చేతిలోంచి చెంబు జారి మెట్ల మీద దొర్లింది.

గుడి బీగం అక్కడికక్కడే లాక్కున్నారు. సుంకప్ప భార్య హనుమంతమ్మ కాళ్లావేళ్లా పడితే ఊరు వదలడం పంటలయ్యేదాకా ఆపారు. సుంకప్ప ఆ రోజు నుంచి పొద్దున్నే వచ్చి, గుడి లోపలికి పోలేక, లాజరు కట్టిన మెట్టు మీదే కూర్చునేవాడు.

సోమక్క ఒకే ఒక్కసారి అడిగింది. “కంబా, అది ఎగిరిందా, నువ్వు వదిల్తివా?”

అతను నాడెలో పోగు సరిచేశాడు. “లాజరు పేరు దాటినాక నాకేమీ వినపల్యా వదినా” అన్నాడు. కాసేపటికి, “పల్యా వదినా.”

ఇంక ఆమె అడగలేదు.

మూడు వారాలకు గుడి కడిగే వంతు సోమక్కకు వచ్చింది. నీళ్లు పోయే తూము పూడిపోయి ఉంటే చీపురుపుల్లతో పొడిచింది. బురదతో పాటు రెండు వెండి రేకులు వచ్చాయి, వెనక మైనం ఇంకా అంటుకునే ఉంది. ఎండకు మైనం మెత్తబడింది, జాతర అభిషేకాల నీళ్లు వాటిని లాక్కుపోయాయి. ఎవరూ దొంగిలించలేదు. ఆ బురద చేతులతోనే ఆమె మెట్టు మీద ఉన్న సుంకప్పకు చూపించింది. ముసలాయన వాటిని కళ్లకద్దుకుని పసిపిల్లవాడిలా ఏడ్చాడు.

ఊరు చేరింది. సుంకప్ప గండం గడిచిందనే సోమక్క అనుకుంది. కాని ఊరి లెక్క వేరుగా ఉంది.

“చూస్తిరా! కంబన్న సామి పేరు పట్టిచ్చినాడని భయపడి తూములో పడేసినాడు.”

“మళ్లా చూడు, అమ్మ ఎవరి చేతికిచ్చిందో. సామి వదిన చేతికే!”

కంబన్న జనాన్ని తోసుకుని వచ్చాడు. ఊరి ముందు అతను నోరు విప్పడం అదే మొదటిసారి. “అమ్మ గాదప్పా, ఏమీ గాదు. అది నా బుజం. సిన్నప్పటి నుంచి ఎగురుతాండాది. మీ పిల్లోళ్లే గదా నన్ను ఎక్కిరిచ్చింది! సుంకప్ప మామ ఏ పాపం చేయల్యా...” అంటుండగానే భుజం ఎగిరింది, మెడ విదిలింది. జనం ఒక్కసారిగా మోకాళ్ల మీదికి వచ్చారు. “కోపం వద్దు తల్లీ, కోపం వద్దు” అని ముసలమ్మ ఎవరో అతని కాళ్లు పట్టుకుంది.

అతను సోమక్క వైపు చూశాడు. ఏడేళ్లప్పుడు సంగటి ముద్ద పట్టుకుని చూసిన చూపు అది.

తర్వాత సంగతి ముందే చెప్పుకోవచ్చు. అడిగేందుకు కంబన్న ఊళ్లో లేకపోయేసరికి ఊరి పట్టు సడలింది. అమ్మకు దీపం పెట్టేవాడు కావాలి కాబట్టి పంటలయ్యేలోపే బీగం సుంకప్ప చేతికి తిరిగొచ్చింది. లాజరు సుంకప్ప కళ్ల ముందే గుడి మెట్లు మళ్లీ బాగుచేశాడు, ఆ ముసలాయన లాజరు పిల్లకు కొబ్బరిచిప్ప ఇచ్చాడు. రెండేళ్లకు లాజరు పని మీద కమలాపురం వైపు పోయి, ఆ దగ్గర ఒక పల్లెలో కంబన్నను చూశానని చెప్పాడు. “నేస్తాండాడు. ఆ ఊరోళ్లు ఆయప్పను ఊరికే నేసే కంబన్న అంటారు, అంతే” అన్నాడు. సోమక్కకు ఆ ‘అంతే’ శానా నచ్చింది.

కంబన్న వెళ్లిపోయిన రోజు బుధవారం. ముందురోజు పొద్దున పక్క ఊరివాళ్లు వచ్చి పోయారు. గడ్డివాముకు ఎవరో నిప్పు పెట్టారట, పది పేర్లు కాగితం మీద రాయించుకొచ్చారు. శుక్రవారం బండి పంపుతామన్నారు. కంబన్న తల ఊపాడు.

ఎండ ఎక్కేవేళ సోమక్క వాకిట్లో కదురు తిప్పుతోంది. లోపల మగ్గం చప్పుడు ఆగింది. పూర్తయిన కంబళి కోసి, మడిచి, చంకన పెట్టుకుని కంబన్న బయటికి వచ్చాడు. ద్వారబంధం మీద రెండు వేళ్లతో తట్టాడు. ఒకటి. రెండు. గంజికి చింతగింజలు తేవడానికేమో అనుకుంది. అతను వీధి చివర సుంకప్ప ఇంటి ముందు ఆగి, కంబళి అరుగు మీద పెట్టి, ఎవరినీ పిలవకుండా ముందుకు నడిచాడు.

సోమక్క లేచి లోపల చూసింది. మగ్గం మీద నాడె లేదు.

పరుగున దిబ్బ మీదికి ఎక్కింది. అతను బాట మీద అప్పటికే చాలా దూరం పోయాడు. పిలిస్తే వినపడే దూరమే. పిలిస్తే ఆగుతాడు, వెనక్కి తిరుగుతాడు, ఆమె ముఖం చూస్తాడు. నోటిదాకా వచ్చిన పేరును ఆమె లోపలే పట్టుకుంది. గొంతులో అది తుమ్ములా సలిపింది.

బాట మీద ముందూ వెనకా మనిషి లేడు. ఆ ఎర్రటి ఎండలో కంబన్న భుజం ఎగిరింది. నాలుగడుగులు పోయాక మళ్లీ ఎగిరింది. అతను దాన్ని ఆపుకోకుండా, వెనక్కి చూడకుండా, మిట్ట దిగిపోయాడు.